మెంటర్ రిజిస్టర్‌లో సంతకాలున్నాయి, మెంటర్ మాత్రం లేరు

బెండింగ్_మొమెంట్
జూన్‌లో కోనసీమలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరాను. సివిల్. ఎంటెక్ అయ్యాక ఇదే మొదటి ఉద్యోగం. చేరగానే సర్క్యులర్ చేతికిచ్చారు, కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ ఒక సీనియర్ మెంటర్ అని. నాకు వేసిన ప్రొఫెసర్ గారు పేరున్న మనిషి, మంచివారు కూడా. కానీ ఇప్పటిదాకా మా మధ్య జరిగిన మాటలు వరండాలో "ఎలా ఉందమ్మా", "బాగుందండి" వరకే. నెలాఖరున ఆఫీసు నుంచి మెంటరింగ్ రిజిస్టర్ వస్తుంది. "ఏదో ఒకటి రాసి పట్టుకురామ్మా, సంతకం పెట్టేస్తా" అంటారు. "బోధనా పద్ధతులపై చర్చించడమైనది" అని రాస్తాను. ఆయన సంతకం, నా సంతకం, కింద హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) సంతకం. అక్కడితో సరి.

ఈలోగా సెకండియర్‌కి స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ చెప్తున్నాను. క్లాసు అంతా ఒకే గొంతుతో "అర్థమైందండీ" అంటారు. మిడ్ (సెమిస్టర్ మధ్య పరీక్ష) పేపర్లు దిద్దితే సగం మంది బెండింగ్ మొమెంట్ డయాగ్రమ్ (లోడ్‌కి బీమ్‌ని వంచే ప్రభావం ఎక్కడ ఎంతో చూపే బొమ్మ) దగ్గరే ఆగిపోయారు. ఎక్కడ తేడా కొడుతోందో చూసి చెప్పే మనిషి కావాలి నాకు. అలాంటి మనిషి లేకపోగా ఇరవై మంది పిల్లలకి నన్నే మెంటర్‌ని చేశారు. అన్నిచోట్లా ఇంతేనా? నిజంగా మెంటరింగ్ జరిగే చోట ఏం చేస్తారో ఎవరైనా చెప్పండి.

సుద్దముక్క
మీకు రిజిస్టరైనా ఉంది. మాకు గూగుల్ ఫారం. "మీ మెంటర్ పట్ల మీ సంతృప్తి", ఒకటి నుంచి ఐదు. మెంటర్ ఎవరో తెలియకపోయినా నాలుగు నొక్కాలి. మూడు నొక్కితే హెచ్‌ఓడీ గదికి పిలుపొస్తుంది.

సాలరీ_స్లిప్
మెంటరింగ్ సంగతి తర్వాత. జీతం నెలనెలా పడుతోందా? మా దగ్గర రెండు నెలలు వెనక. ఎండాకాలం అంతా అడ్మిషన్ల కోసం ఊళ్లు తిరగడం, ఒక్కొక్కరికి ఇన్ని సీట్లని టార్గెట్. ఇంటర్ పిల్లల ఇళ్లకెళ్లి వాళ్ల నాన్నలని బతిమాలినవాడు జూలైలో అదే పిల్లాడికి క్లాసులో "కూర్చో" అని ఏ మొహంతో చెప్తాడు? కొత్తవాళ్లు నిలబడకపోవడానికి అసలు కారణం ఇది. మెంటర్ లేక కాదు.

గోదారి_గట్టు
రాధాకృష్ణన్ గారు మైసూరు వెళ్లకముందు మన రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలోనే ఫిలాసఫీ చెప్పారు. వీరేశలింగం పంతులు గారు అక్కడ తెలుగు పండితులు. 1853లో స్కూలుగా మొదలైన చోటు అది. వాళ్లకి ఎవరండీ మెంటరు?

సుద్దముక్క
వాళ్లకి సీఓ-పీఓ మ్యాపింగ్ (ఏ సబ్జెక్టు డిగ్రీ లక్ష్యాల్లో దేనికి పనికొస్తుందో చూపే పట్టిక) కూడా లేదు కదండీ. కోర్స్ ఫైలు ఇవ్వలేదని రాధాకృష్ణన్ గారి జీతం ఎవరూ ఆపలేదు.

పాత_స్టాఫ్‌రూమ్
నేను రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్‌ని. ఎనభైల్లో ఒక ఎయిడెడ్ డిగ్రీ కాలేజీలో చేరాను. అప్పట్లో మెంటర్ అనే మాట వినలేదు, సర్క్యులర్లూ లేవు. మా సీనియర్ ఒకాయన ఉండేవారు. చేరిన వారంలోనే "నీ గంట ఖాళీ ఉన్నప్పుడు వచ్చి నా క్లాసులో చివరి బెంచీలో కూర్చో" అన్నారు. కూర్చున్నాను. ఆయన ఏమీ వివరించలేదు. కొన్నాళ్లయ్యాక చెప్పకుండా ఆయనే వచ్చి నా క్లాసులో చివరి బెంచీలో కూర్చున్నారు.

సాయంత్రం కాలేజీ గేటు ఎదురుగా టీ కొట్టులో చెప్పారు. ఫిజిక్స్ గురించి ఒక్క ముక్క లేదు. "నువ్వు పాఠం అంతా కిటికీ వైపు వరసకే చెప్పావు. గోడ వైపు ఉన్న నలభై మంది నీకు కనబడలేదు. ప్రశ్న అడిగి, వాళ్లు నోరు తెరిచేలోపే జవాబు నువ్వే చెప్పేశావు." అంతే. ఆ మాట ప్రిన్సిపాల్ దాకా వెళ్లలేదు, స్టాఫ్‌రూమ్‌లో కూడా ఎవరికీ తెలియలేదు. వెళ్లి ఉంటే ఆయన్ని రెండోసారి నా క్లాసులోకి రానిచ్చేవాణ్ణి కాదు.

అమ్మాయ్, మీ ప్రొఫెసర్ గారిని రిజిస్టర్‌లో సంతకం అడగడం మాని, "మీ క్లాసులో ఒక గంట కూర్చోవచ్చా అండీ" అని అడిగి చూడు. కాదనడం కష్టం.

టైమ్‌టేబుల్_బాధితుడు
మాస్టారూ, కాదనడం చాలా తేలిక. మా దగ్గర ఒకరు అడిగితే "ఏం, నా క్లాసు ఇన్‌స్పెక్షనా" అన్నారు. సీనియర్లలో కొందరు పాతికేళ్ల కిందటి నోట్సే ఇంకా డిక్టేట్ చేస్తున్నారు. చివరి బెంచీలో ఒక జూనియర్ కూర్చుంటే వాళ్లకే ఇబ్బంది.

పాత_స్టాఫ్‌రూమ్
అలాంటివాళ్లు మా రోజుల్లోనూ ఉన్నారు బాబూ. నోట్స్ పసుపు పచ్చబడితే ఫరవాలేదు, గొంతులో ఓపిక ఉంటే నేర్చుకునేది ఏదో ఒకటి ఉంటుంది. రెండూ లేని చోటికి వెళ్లొద్దు.

కుర్చీలో_ఉన్నవాణ్ణి
నేను హెచ్‌ఓడీని. ముందే చెప్తున్నా, తిట్టేవాళ్లు వరసలో రండి.

ఆ రిజిస్టర్ మేం సరదాకి పెట్టలేదు. కాలేజీకి గ్రేడు ఇచ్చే నాక్ వచ్చినా, కోర్సులకి గుర్తింపు ఇచ్చే ఎన్‌బీఏ వచ్చినా కాగితం అడుగుతారు. మెంటరింగ్ జరిగిందని నేను నోటితో చెప్తే నమ్మరు, సంతకం చూపిస్తే నమ్ముతారు. దాంతో పని ఆగినా సంతకాలు ఆగవు. ఇది తప్పే, నేనేం సమర్థించట్లేదు.

హెచ్‌ఓడీ చేతిలో నిజంగా ఉన్నది ఒకటుంది, మొదటి సెమిస్టర్ టైమ్‌టేబుల్. కొత్తగా వచ్చినవాళ్లకి రెండు వేర్వేరు థియరీ పేపర్లు ఇస్తే వాళ్లు రాత్రంతా రేపటి పాఠం తయారు చేసుకుంటూనే ఉంటారు. పిల్లల మొహం చూసే తీరిక ఉండదు. అదే ఒక్క సబ్జెక్టు రెండు సెక్షన్లకి ఇస్తే ఉదయం "ఎ" సెక్షన్‌లో ఎక్కడ తడబడ్డారో మధ్యాహ్నం "బి" సెక్షన్‌లో అది సరిచేసుకుంటారు. నేను అలాగే వేస్తాను. దానికి సీనియర్లు నాతో గొడవపడతారు, "రెండు సెక్షన్లకి ఒకే ప్రిపరేషన్, ఆ అమ్మాయికి హాయి, మాకేమో రెండు పేపర్లా" అని. ఆ గొడవ నేను పడతాను. అంతకు మించి మెంటరింగ్ నా వల్ల కావట్లేదు, నాకే క్లాసులు నిండా ఉన్నాయి.

వశిష్ఠ_రేవు
యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018 రెగ్యులేషన్స్ ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి 16 గంటలు నేరుగా పాఠం, అసోసియేట్‌కీ ప్రొఫెసర్‌కీ 14. కాగితం మీద ముచ్చటగా ఉంటుంది. మా గవర్నమెంట్ డిగ్రీ కాలేజీలో ఇద్దరు చెప్పాల్సిన సబ్జెక్టుకి ఒక్కరే ఉంటే 16 కాస్తా ఎక్కడికో పోతుంది. 2023లో సింగిల్ మేజర్ (డిగ్రీలో ఒక్కటే ప్రధాన సబ్జెక్టు) వచ్చాక పేపర్లు మారాయి, అంతకుముందు మీడియం మారింది. సీనియర్లే కొత్త పేపర్లకి తంటాలు పడుతుంటే జూనియర్‌కి ఎవరు చూపిస్తారు?

నేను సఖినేటిపల్లి నుంచి పంటు (బండ్లు, మనుషులు ఎక్కే పెద్ద పడవ) మీద గోదారి దాటి నరసాపురం వైపు వచ్చేదాన్ని. నాకు మెంటరింగ్ ఏదైనా జరిగిందంటే ఆ పంటు మీదే. అదే కాలేజీలో ఇంగ్లిష్ చెప్పే మేడమ్ కూడా రోజూ అందులోనే వచ్చేవారు. బైకులు, కూరగాయల బుట్టలు, మేకల మధ్య నిలబడి ఆ రోజు క్లాసులో ఏం జరిగిందో చెప్పుకునేవాళ్లం. సబ్జెక్టులు వేరే కాబట్టి ఆవిడకి నా కెమిస్ట్రీ తప్పులు తెలియవు, నాకు ఆవిడ గ్రామర్ తెలియదు. అందుకేనేమో ఇద్దరం సిగ్గుపడకుండా మాట్లాడుకున్నాం.

సాలరీ_స్లిప్
హెచ్‌ఓడీ గారు కుర్చీలో ఉండి నిజం ఒప్పుకున్నారు, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా.

కుర్చీలో_ఉన్నవాణ్ణి
ఫ్రేము కూడా కట్టించుకోండి.

ల్యాబ్_గుమ్మం
అందరూ వ్యవస్థ గురించి మాట్లాడుతున్నారు, ఆ అమ్మాయి బెండింగ్ మొమెంట్ ఎవరూ పట్టించుకోలేదు. నేనూ సివిలే, పదిహేనేళ్లుగా ఇదే పేపరు. ఒకటి చెప్పండి మేడమ్, బోర్డు మీద బీమ్ ఎక్కడ గీస్తారు?

బెండింగ్_మొమెంట్
బోర్డు మధ్యలో, అందరికీ కనబడాలని. పక్కన కుడివైపు షియర్ ఫోర్స్ (బీమ్‌ని అడ్డంగా కోసే బలం) డయాగ్రమ్. అక్కడికి బోర్డు అయిపోతుంది. బీమ్ చెరిపేసి ఆ చోట మొమెంట్ డయాగ్రమ్ గీస్తాను. ఎందుకండీ?

ల్యాబ్_గుమ్మం
అక్కడే ఉంది. బీమ్ బోర్డు పైఅంచున గీయండి, చెయ్యి అందినంత పైకి. దాని కింద, సరిగ్గా అదే నిలువు గీతల్లో షియర్ ఫోర్స్. దాని కింద మొమెంట్. సపోర్టుల దగ్గర నుంచి, లోడ్ పడ్డ చోట నుంచి చుక్కల గీతలు కిందిదాకా దించండి. గంట అయ్యేవరకూ బీమ్ చెరపొద్దు. షియర్ ఫోర్స్ సున్నాని దాటిన చోటే మొమెంట్ గరిష్ఠం అని మీరు నోటితో ఎన్నిసార్లు చెప్పినా పిల్లలు రాసుకుంటారు తప్ప నమ్మరు. మూడూ ఒకదాని కింద ఒకటి ఉంటే చూపుడు కర్ర పెట్టి పైనుంచి కిందికి లాగితే చాలు. పక్కపక్కన గీస్తే వాళ్ల దృష్టిలో అవి మూడు వేరే బొమ్మలు.

ఇంకోటి, సాగింగ్ (బీమ్ మధ్యలో కిందికి వంగడం) పాజిటివ్ అని మొదటి గంటలోనే బోర్డు మూలన రాసి ఉంచండి, యూనిట్ అయ్యేదాకా అక్కడే ఉండాలి. ఒక్కో టెక్స్ట్‌బుక్‌లో గుర్తులు ఒక్కోలా ఉంటాయి. సీనియర్ల దగ్గర జిరాక్స్ తెచ్చుకున్న నోట్స్‌లో ఇంకోలా ఉంటాయి. మీ పేపర్లలో ప్లస్‌లు మైనస్‌లు తారుమారైనవి ఎన్నో ఒకసారి విడిగా తీసి చూడండి.

బెండింగ్_మొమెంట్
ఇప్పుడే కట్ట విప్పి చూశాను. చాలామందివి విలువలు కరెక్టే, గుర్తు ఒక్కటే తిరగబడింది. నేను వాటిని "రాలేదు" కింద కట్టాను. ఇది ఇన్నాళ్లుగా నాకు ఎవరూ చెప్పలేదండీ.

పాత_స్టాఫ్‌రూమ్
ఇదిగో, మెంటరింగ్ అంటే ఇది. రిజిస్టర్‌లో రాయి అమ్మాయ్, "బీమ్ పైఅంచున గీయవలెనని చర్చించడమైనది."

అనంతపురం_అల్లుడు
పిల్లలు "అర్థమైందండీ" అనడం గురించి ఒక మాట. మాది అనంతపురం. భీమవరం వైపు ఒక కాలేజీలో చేరాను, పెళ్లి కూడా ఇక్కడే. మా వైపు అర్థం కాకపోతే పిల్లోడు మొహం మీదే కాలేదంటాడు. ఇక్కడ కాలేదంటే మాస్టారి మనసు కష్టపడుతుందని "ఆయ్, అర్థమైపోయిందండి" అంటారు. మొదట్లో ఒకడు "సార్, మీరు చెప్తే అర్థం కాకుండా ఎలా ఉంటాదండి" అన్నాడు. ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి మా నాన్నకి గర్వంగా చెప్పాను. తర్వాత మా అటెండర్ గారు మెల్లగా చెప్పారు, "సార్, అది ఎటకారమండి" అని. ఇలాంటివి ఏ ఇండక్షన్ ప్రోగ్రామ్‌లో చెప్తారు?

గోదారి_గట్టు
అటెండర్ గారు కూడా ఎటకారంగానే చెప్పారేమో చూసుకోండి.

ల్యాబ్_గుమ్మం
"అర్థమైందా" అని అడగడమే మానేయాలి. నేను లోడ్ మార్చి ఇంకో బీమ్ గీసి "షియర్ ఎక్కడ సున్నా అవుతుందో పుస్తకంలో చుక్క పెట్టండి" అంటాను. వరసల మధ్య తిరుగుతూ చుక్కలు చూస్తే సంగతి తెలిసిపోతుంది. అందులో మర్యాదలకి తావు లేదు.

కొబ్బరాకు
మా కాలేజీలో కొత్త ఆడ లెక్చరర్లకి ఇచ్చే మెంటరింగ్ ఏంటో చెప్పనా? నాక్ టీమ్ వస్తే గేటు దగ్గర ముగ్గు, బొకే, హారతి. సాంస్కృతిక కార్యక్రమాలకి యాంకరింగ్. నాతోపాటు చేరిన అబ్బాయికి ఎన్‌బీఏ క్రైటీరియా ఫైలు ఇచ్చారు. ఆ ఫైలు విసుగే, కానీ రెండేళ్లలో అతనికి డిపార్ట్‌మెంట్ ఎలా నడుస్తుందో మొత్తం తెలిసిపోయింది. నాకు ముగ్గు బాగా కుదిరింది.

వశిష్ఠ_రేవు
చదివి నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. ఫైలు అడిగి తీసుకోండి. ఇవ్వకపోతే స్టాఫ్ మీటింగ్‌లో అందరిముందూ అడగండి.

కొబ్బరాకు
అడిగాను. "నీకెందుకమ్మా ఆ తలనొప్పి" అన్నారు ప్రేమగా.

లంక_కుర్రాడు
నేను స్టూడెంట్‌ని, మూడో సంవత్సరం. ఇక్కడ రాయొచ్చా? రాసేస్తున్నా.

కొత్త మేడమ్ టెన్షన్ పడుతున్నారని మాకు మొదటి రోజే తెలిసిపోతుందండి, మేమేం అనుకోం. మాకు ఇబ్బంది వేరే చోట. మాది లంక. ఆగస్టులో గోదారి పెరిగితే కనకాయలంక కాజ్‌వే మునుగుతుంది, పడవ మీద దాటాలి, ఒక్కోసారి అదీ ఆపేస్తారు. పాత సార్లకి ఈ సంగతి తెలుసు. ఆ వారం కొత్త యూనిట్ మొదలెట్టరు, ట్యుటోరియల్ పెట్టుకుంటారు. కొత్తవాళ్లు లెసన్ ప్లాన్‌లో తేదీ వచ్చిందని యూనిట్ మొదలెట్టేస్తారు. మేం తిరిగొచ్చేసరికి మిడ్. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర వరద మొదటి హెచ్చరిక ఎగరేస్తే మా బెంచీలు ఖాళీ అవుతాయని వాళ్లకి ఎవరైనా చెప్పాలి కదండి.

బెండింగ్_మొమెంట్
నువ్వు మా కాలేజీ కాదు కదా? సరే, కాజ్‌వే సంగతి రాసిపెట్టుకున్నాను. మాది రావులపాలెం వైపు, లంక పిల్లల రాకపోకలు నాకు నిజంగా తెలియవు.

టైమ్‌టేబుల్_బాధితుడు
దానికి సంక్రాంతి కూడా కలపండి. క్యాలెండర్‌లో కనుమ మర్నాడు కాలేజీ తెరుస్తారు. జగ్గన్నతోట తీర్థం (కనుమనాటి ప్రభల జాతర) అయ్యాక పందేల బరిలో ఇంకా కోళ్లుంటే క్లాసులో ఎవరూ ఉండరు. ఆ రోజు కొత్త పాఠం చెప్పిన లెక్చరర్‌ని నేనొక్కణ్ణే చూశాను. ముగ్గురికి చెప్పారు. అందులో ఒకడు నిద్ర.

పేరు_మూడోది
చీకటి కోణం నేను చెప్తా. నాకు వేసిన మెంటర్ గారు మొదటి వారంలోనే పిలిచి ఆప్యాయంగా మాట్లాడారు. పీహెచ్‌డీ గురించి అడిగారు, టీ ఇప్పించారు. నెల తిరిగేసరికి నేను రాస్తున్న పేపర్‌లో ఆయన పేరు మొదట, ఆయన స్నేహితుడి పేరు రెండోది, నాది మూడోది. డేటా నాదే, రాతా నాదే. "నేను గైడ్ చేశాను కదా" అన్నారు. గైడ్ చేసింది ఏంటంటే, డబ్బు కడితే వారంలో వేసే జర్నల్ లింకు పంపారు.

ఏఐ_భయం
ఇది మా దగ్గరా ఉంది. నమ్మదగిన జర్నళ్లివి అని చెప్పే "కేర్" జాబితాని 2025లో యూజీసీ ఎత్తేసింది. ఏ జర్నల్ మంచిదో మనమే తేల్చుకోవాలి. కొత్తవాళ్లకి అసలు సాయం కావాల్సింది ఇక్కడ. ఎడిటోరియల్ బోర్డు ఎవరు, సమీక్షకి ఎంత కాలం పడుతోంది, పాత సంచికలు చదివితే ఎలా ఉన్నాయి, పక్కన కూర్చుని చూపించేవాళ్లుంటే అరగంట పని. సీనియర్లకే అలవాటు లేకపోతే ఎలా చూపిస్తారు?

మోడరేటర్
ఏ కాలేజీ, ఏ ప్రొఫెసర్ అని పేర్లు రాయకండి. ఊహించేలా ఇనిషియల్స్ కూడా వద్దు. ఇప్పటికే ఒక పోస్టు తీసేశాను.

సాలరీ_స్లిప్
నాదే. పర్లేదు.

కుర్చీలో_ఉన్నవాణ్ణి
పేరు_మూడోది గారికి: మెంటర్ వేరు, గైడ్ వేరు, అప్రైజల్ రాసే మనిషి వేరుగా ఉండాలి. మా దగ్గర మూడూ ఒక్కరే అయ్యేసరికి కొత్తవాళ్లు ఆ మనిషి దగ్గర నోరు విప్పరు. విప్పితే ఇంక్రిమెంట్‌కి ఎసరు. నా డిపార్ట్‌మెంట్‌లో ఇప్పుడు మెకానికల్ మాస్టారిని మా వాళ్లకి, మా సీనియర్‌ని మెకానికల్ వాళ్లకి వేశాం. వశిష్ఠ_రేవు గారి పంటు కథ చదివాక అది మంచి పనే అనిపించింది. సబ్జెక్టు సందేహాలకి మాత్రం సొంత డిపార్ట్‌మెంట్‌కే రావాలి, అది తప్పదు.

సాలరీ_స్లిప్
బాగుంది. కానీ ఆ మెకానికల్ మాస్టారు వచ్చే జూన్‌కి ఇంకో కాలేజీకి వెళ్లిపోతారు. ఐదు వేలు ఎక్కువిస్తే నేనూ వెళ్తాను. మెంటరింగ్‌కి మనుషులు ఒకచోట కొన్నేళ్లు ఉండాలి కదండీ, నేను మొదట్నుంచీ చెప్తున్నది అదే.

పాత_స్టాఫ్‌రూమ్
నీ మాట కాదనను బాబూ. మాకు జీతం ట్రెజరీ నుంచి వచ్చేది, అందుకే ఒకే స్టాఫ్‌రూమ్‌లో ఒకే కుర్చీలో ముప్ఫై ఏళ్లు కూర్చున్నాం. నాకు టీ కొట్టులో చెప్పినాయన కూడా ఎక్కడికీ పోనక్కర్లేదు కాబట్టే చెప్పాడు. అయినా ఈ సెమిస్టర్ ఆ అమ్మాయి క్లాసులో ఉన్న పిల్లలు నీ జీతం పెరిగేదాకా ఆగరు కదా.

సాలరీ_స్లిప్
అదీ నిజమే. అడ్మిషన్ల డ్యూటీ మాత్రం మెంటరింగ్ కాదని రాసిపెట్టండి, మా దగ్గర దాన్ని "కమ్యూనిటీ ఔట్‌రీచ్" అని ఫైల్లో చూపిస్తున్నారు.

అనంతపురం_అల్లుడు
ఇంజినీరింగ్ వాళ్లకి ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) వాళ్ల ఎన్‌ఐటీటీటీ (టీచర్ల శిక్షణ) మాడ్యూళ్లు ఎనిమిది ఉన్నాయి కదా, "స్వయం" ఆన్‌లైన్ కోర్సుల సైట్‌లో. చేసినవాళ్లు ఎవరైనా చెప్పండి, పనికొస్తాయా?

ఏఐ_భయం
చేశాను. ప్రశ్నపత్రం తయారీ, మూల్యాంకనం మీద ఉన్న భాగం బాగుంది. మిగతాది రాత్రి పదకొండుకి వీడియో పెట్టి పక్కన బట్టలు మడతపెట్టుకున్నాను. రాసి ఉన్న పద్ధతి ప్రకారం మాడ్యూళ్ల తర్వాత ఇండస్ట్రీలో శిక్షణ, మెంటర్ దగ్గర శిక్షణ కూడా ఉన్నాయి. మా కాలేజీలో సర్టిఫికెట్లు రాగానే అందరూ ఆగిపోయారు.

వశిష్ఠ_రేవు
డిగ్రీ కాలేజీల వాళ్లకి నెల రోజుల ఫ్యాకల్టీ ఇండక్షన్ ప్రోగ్రామ్ ఉంది. యూజీసీ 2019లో గురుదక్షత పేరుతో దానికి మార్గదర్శకాలు ఇచ్చింది. యూనివర్సిటీల్లో లెక్చరర్లకి శిక్షణిచ్చే పాత హెచ్‌ఆర్‌డీసీలనే 2023 నుంచి మాలవీయ మిషన్ కేంద్రాలంటున్నారు. మనకి దగ్గర విశాఖ, ఆంధ్రా యూనివర్సిటీలో. ఆన్‌లైన్ బ్యాచ్‌లూ ఉంటాయి. వీలుంటే నేరుగా వెళ్లండి. అందులో మైక్రో టీచింగ్ ఉంటుంది, తోటి లెక్చరర్ల ముందు కొద్ది నిమిషాల పాఠం చెప్పాలి. ఎవరి చేతులు వణుకుతున్నాయో, ఎవరు బోర్డుతో మాట్లాడుతున్నారో అక్కడ బయటపడుతుంది. పదోన్నతికి ఎలాగూ కావాలి. వేరే ఊరివాళ్లు నలుగురైదుగురు పరిచయమవుతారు, తర్వాత ఏళ్ల తరబడి ఫోన్ చేసుకునేది వాళ్లకే.

టైమ్‌టేబుల్_బాధితుడు
వెళ్లాలంటే ఓడీ (ఆన్ డ్యూటీ అనుమతి) ఇవ్వాలి. "మీ క్లాసులు ఎవరు తీసుకుంటారో ముందు సంతకాలు తెండి" అంటారు. మళ్లీ సంతకాలే.

బెండింగ్_మొమెంట్
అప్‌డేట్. మాస్టారు చెప్పినట్టే ప్రొఫెసర్ గారిని మీ క్లాసులో కూర్చోవచ్చా అని అడిగాను. ఒక్క క్షణం చూసి, "నా థియరీ క్లాసులో ఏముందమ్మా, కాంక్రీట్ ల్యాబ్‌కి రా" అన్నారు. వెళ్తే ఆయన పక్కన నిలబడ్డారు, చూపించింది ల్యాబ్ టెక్నీషియన్ గారు. కాంక్రీట్ క్యూబ్ మెషిన్‌లో పెట్టేటప్పుడు పోత పోసిన పైముఖం పక్కకి తిప్పారు. అచ్చుకి ఆనుకుని నున్నగా వచ్చిన ముఖాల మీదే లోడ్ పడాలట, తాపీతో సర్దిన ముఖం సమంగా ఉండదు కాబట్టి. పుస్తకంలో ఈ వాక్యం నేనూ చదివాను. చేత్తో తిప్పడం చూశాక ఇక మర్చిపోను. పిల్లలు ఎవరూ అడక్కుండానే ఆయన ఒక క్యూబ్ పక్కన పెట్టి, పైముఖం మీద స్టీలు స్కేలు ఆనించి కింద వెలుతురు కనబడేది చూపించారు.

తర్వాత ప్రొఫెసర్ గారు అన్నారు, "ఈయన దగ్గర మేమందరం నేర్చుకున్నాం. రిజిస్టర్‌లో ఈయన పేరు రాయడానికి కాలమ్ లేదు."

ల్యాబ్_గుమ్మం
నా హ్యాండిల్ చూశారుగా. ఊరికే పెట్టుకోలేదు.

సుద్దముక్క
బోర్డు సంగతి ఏమైంది?

బెండింగ్_మొమెంట్
బీమ్ పైకెక్కింది. స్టూలు వేసుకోవాల్సి వచ్చింది, నా ఎత్తు అంతే. క్లాసు నవ్వింది, నవ్వనిచ్చాను. చుక్కలు పెట్టమంటే మొదటిసారి చాలా చోట్ల తప్పు పెట్టారు, ఎక్కడెక్కడో వరసల్లో తిరిగి చూశాను. గోడ వైపు వరసే ఎక్కువ తప్పింది. వాళ్లకి ట్యుటోరియల్ గంటలో మళ్లీ చెప్తున్నాను. ప్రొఫెసర్ గారు నా క్లాసుకి వస్తారో రారో తెలియదు, అడిగాను. "చూద్దాంలేమ్మా" అన్నారు.

గోదారి_గట్టు
మన వైపు "చూద్దాంలే" అంటే రారు.

పాత_స్టాఫ్‌రూమ్
చెప్పకుండా వచ్చే రకం కూడా ఉంటారు.

కొత్త_ఆర్డర్
ఇప్పుడే మొత్తం చదివాను. నేను వచ్చే వారం తాడేపల్లిగూడెం వైపు ఒక కాలేజీలో చేరుతున్నాను, ఈసీఈ. ఫోన్‌లో చెప్పారు, రెండు థియరీ పేపర్లు, ఒక ల్యాబ్. రెండు పేపర్లూ నేనెప్పుడూ చెప్పనివే. చేరగానే మెంటర్‌ని అడగాలా, ఇంకేమైనా అడగాలా?

కుర్చీలో_ఉన్నవాణ్ణి
మెంటర్‌ని ఎలాగూ వేస్తారు. మీరు ముందు టైమ్‌టేబుల్ అడగండి. అది ప్రింటయి నోటీసు బోర్డు ఎక్కాక దేవుడు దిగొచ్చినా మార్చరు. అందుకని చేరే రోజు కాదు, రేపే ఫోన్ చేయండి. "ఒకే పేపరు రెండు సెక్షన్లకి చెప్తానండి, ల్యాబ్ ఇంకోటి ఎక్కువిచ్చినా తీసుకుంటాను" అనండి. ల్యాబ్ ఎక్కువ తీసుకుంటానన్న మాట వినగానే హెచ్‌ఓడీ చెవులు నిక్కబొడుచుకుంటాయి. ఈ మాట నేను చెప్పానని మాత్రం అనకండి.